నృత్య సంస్థ నడిపేవారికి: కళాకారులను నిలబెట్టుకోవడం, ప్రేక్షకులను దగ్గర చేసుకోవడం ఎలా?

“చిన్న నృత్య సంస్థ నడుపుతున్నాం. ప్రదర్శన పెడితే వేదిక మీద ఉన్నవారి బంధుమిత్రులు తప్ప మరెవరూ రావడం లేదు. బాగా చేసే కళాకారులేమో రెండో ఏడాదికల్లా వెళ్ళిపోతున్నారు. ఏం చేయాలి?” ఈ ప్రశ్న నన్ను చాలామంది, చాలాసార్లు అడిగారు. అడిగిన ప్రతివారికీ విడివిడిగా చెప్పేకన్నా ఒకచోట వివరంగా రాస్తే మేలనిపించి ఈ వ్యాసం రాస్తున్నాను.

ఇందులో రెండు సమస్యలున్నట్టు కనిపిస్తుంది గాని, నా అనుభవంలో అవి రెండూ ఒకటే. సాధన చేసిన కాలానికి డబ్బు ముట్టని కళాకారులకు, తయారీలో ఉన్న పనిని పదిమందికి చూపించేంత తీరిక గాని ధైర్యం గాని ఉండవు. తయారీని ఏనాడూ చూడని జనం, చివరి వారంలో చేతికందిన కరపత్రం చూసి కదలి రారు. కాబట్టి సాధన కాలానికి పారితోషికం ఇవ్వడం, ఆ సాధన కాలంలోనే జనానికి తలుపు తెరవడం అనే రెండు పనులను జంటగా చేయాలి. ఈ కింది మెట్లన్నీ ఆ రెండింటి చుట్టూనే తిరుగుతాయి. ఒక కొత్త ప్రదర్శనను తలపెట్టిన రోజు నుంచి అది ముగిసిన వారం వరకు, సుమారు నాలుగైదు నెలల పనిగా దీన్ని అనుకోండి.

ముందుగా కావలసినవి

• ఒకే వేళకు, వారానికి కనీసం రెండు రోజులు కచ్చితంగా దొరికే సాధన స్థలం. ఒక్కొక్కరూ రెండు చేతులూ చాచి గుండ్రంగా తిరిగినా పక్కవారికి తగలనంత చోటు ఉండాలి.
• బాధ్యత తీసుకునే ఇద్దరు మనుషులు. ఒకరు కళాకారుల వైపు చూడాలి, మరొకరు ప్రేక్షకుల వైపు చూడాలి. రెండు పనులూ ఒకరి మీదే పెడితే ప్రదర్శన దగ్గరపడేకొద్దీ కళాకారుల పనే అన్ని గంటలనూ మింగేస్తుంది, ప్రేక్షకుల పని ఆగిపోతుంది.
• కళాకారుల పారితోషికంలో కనీసం మూడో వంతు, పని మొదలుపెట్టే నాటికే చేతిలో ఉండాలి. టికెట్లు అమ్ముడుపోయాక ఇస్తామన్న మాట మీద ఎవరినీ పనిలోకి పిలవకండి.
• రెండు పుస్తకాలు: సాధన గంటలు, గాయాలు రాసుకోవడానికి ఒకటి, వచ్చినవారి వివరాలు రాసుకోవడానికి మరొకటి.
• ప్రథమ చికిత్స పెట్టె, మంచు పెట్టుకునే ఏర్పాటు, తాగునీరు.

ఖరీదైన లైట్లు, పెద్ద సౌండ్ వ్యవస్థ ఈ జాబితాలో లేవు. అవి తరువాత అద్దెకు దొరుకుతాయి.

1. ఎవరితో, ఎవరి కోసం చేస్తున్నారో ఒక పుటలో రాయండి

సంస్థ చుట్టూ మూడు రకాల మనుషులు ఉంటారు. రుసుము కట్టి నేర్చుకునేవారు ఒకరు, డబ్బు తీసుకుని పనిచేసే కళాకారులు ఇంకొకరు, చూడడానికి వచ్చేవారు మరొకరు. ఈ ప్రదర్శనలో ఎవరు ఏ పాత్రలో ఉన్నారో మొదటే పేర్లతో సహా రాసుకోండి. నేర్చుకునేవారిని జీతం లేని కళాకారులుగానూ, కళాకారులను టికెట్లు అమ్మే మనుషులుగానూ వాడుకోవడం చాలా సంస్థల్లో తెలియకుండానే జరిగిపోతుంది. ఆ పుట కళ్ళెదుట ఉంటే అది జరిగే ముందే ఎవరో ఒకరు ఆపుతారు.

2. కళాకారులను బహిరంగంగా పిలవండి

తెలిసినవారినే పిలిస్తే పని తేలికవుతుంది, కాని సంస్థ మూడేళ్ళలో పది మంది స్నేహితుల బృందంగా కుదించుకుపోతుంది. పిలుపులో నాలుగు విషయాలు తప్పక ఉండాలి: ఎన్ని గంటల పని, ఎంత పారితోషికం, ఏ తేదీలు, ఎవరు ఎంపిక చేస్తారు. పారితోషికం రాయని పిలుపు ఇంటి పరిస్థితి బాగున్నవారిని మాత్రమే చేరుతుంది. మిగిలినవారు అడగడానికి మొహమాటపడి ఊరుకుంటారు.

దరఖాస్తు ఒక పుట దాటకూడదు. రాయడం ఇబ్బందిగా ఉన్నవారు మూడు నిమిషాలు మాట్లాడి రికార్డు చేసి పంపవచ్చని చెప్పండి. చక్కగా నాట్యం చేసే ఎంతోమందికి తమ పని గురించి రాయడం చేతకాదు, మీరు వెతుకుతున్నది రచయితలను కాదు. ఎంపికకు ముగ్గురు కూర్చోవాలి, వారిలో ఒకరు సంస్థకు బయటివారై ఉండాలి. దగ్గరి బంధువు గాని శిష్యులు గాని దరఖాస్తు చేస్తే ఆ ఒక్క దరఖాస్తు వరకు సంబంధిత సభ్యులు లేచి బయటికి వెళ్ళాలి. ఎంపిక కానివారికి కూడా, చెప్పిన తేదీలోపు జవాబు ఇవ్వండి. మీరు జవాబివ్వని మనిషి మీ సంస్థ గురించి మరో పదిమందికి చెబుతారు.

3. పారితోషికాన్ని గంటల్లో లెక్కకట్టండి

అన్నిటికన్నా ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే కాబట్టి ఒక ఉదాహరణతో చూద్దాం. నలుగురు నర్తకులతో ఇరవై నిమిషాల కొత్త అంశం చేస్తున్నారనుకోండి. సాధన వారానికి రెండు రోజులు, రోజుకు 3 గంటలు, మొత్తం 8 వారాలు. అంటే ఒక్కొక్కరికి 48 గంటలు. లైట్లతో, సంగీతంతో వేదిక మీద చేసే సాంకేతిక రిహార్సల్‌కు 4 గంటలు. రెండు రోజుల ప్రదర్శనకు రోజుకు 4 గంటల చొప్పున 8 గంటలు. ఒక్కో నర్తకికి మొత్తం 60 గంటలు, నలుగురికీ 240 గంటలు. నృత్యాన్ని కూర్చే కొరియోగ్రాఫర్‌కు ఆ 60 గంటలు కాక ఇంటి దగ్గర ఆలోచించుకునే కాలం మరో 20 గంటలు వేయండి. మొత్తం 320 గంటలు తేలుతుంది.

ఇప్పుడు సాధారణంగా జరిగేది చూడండి. “ప్రదర్శనకు ఇంత” అని సంస్థ ఒక మొత్తం చెబుతుంది. నర్తకి దాన్ని రెండు రోజుల కూలిగా భావిస్తుంది, ఎందుకంటే సంస్థ కూడా దాన్ని 8 గంటలకే లెక్కకట్టింది. మిగిలిన 52 గంటలు ఎవరి ఖాతాలోనూ లేవు. ఆ 52 గంటలను ఆమె మరో ఉద్యోగం నుంచో, నిద్ర నుంచో, పిల్లల దగ్గర ఉండవలసిన సాయంత్రాల నుంచో తెచ్చిపెడుతుంది. రెండో ఏడాది రాకపోవడానికి కారణం అదే. దాన్ని నిబద్ధత లేకపోవడంగా చూడడం అన్యాయం.

డబ్బు చాలకపోతే ఏం చేయాలన్నది వెంటనే వచ్చే ప్రశ్న. గంటకు ఇచ్చే మొత్తాన్ని తగ్గించకండి, పనిని తగ్గించండి. నలుగురి బదులు ఇద్దరితో చేయండి, ఇరవై నిమిషాలను పది చేయండి, కొత్త అంశానికి బదులు పాతదాన్ని మళ్ళీ తీసుకుంటే సాధన వారాలు సగానికి తగ్గుతాయి. సాధన స్థలాన్ని కళాకారుల సొంత పనికి కొన్ని గంటలు ఉచితంగా ఇవ్వడం కూడా మంచి సాయమే, అయితే దాన్ని పారితోషికానికి అదనంగా ఇవ్వాలి. “మీకు పేరు వస్తుంది” అన్న మాటను లెక్కల పుస్తకంలో ఏ గడిలోనూ రాయలేం కాబట్టి చర్చల్లోకి కూడా తేకండి.

చెల్లింపు మూడు విడతలుగా ఉండడం ఇరుపక్షాలకూ క్షేమం: ఒప్పందం రోజున ఒక వంతు, సాధన సగమయ్యాక ఒక వంతు, చివరి ప్రదర్శన తరువాత ఏడు రోజుల్లో మిగిలినది.

4. ఒప్పందాన్ని కాగితం మీద పెట్టండి

రెండు పుటలు చాలు, సామాన్య భాష చాలు. తేదీలు, గంటలు, విడతలు రాయండి. ప్రదర్శన రద్దయితే ఎవరికి ఎంత అందుతుందో రాయండి. గాయమైతే చికిత్స ఖర్చు ఎవరిదో, మిగిలిన పారితోషికం ఏమవుతుందో తప్పక రాయండి. ఇది ఎవరూ రాయరు, కాని ప్రతి సంస్థకూ ఏదో ఒక రోజు అవసరపడుతుంది.

నృత్యం ఎవరిదన్న విషయం కూడా ఇక్కడే తేల్చాలి. సాహిత్య, కళాకృతుల రక్షణకై 1886లో ఏర్పడిన బెర్న్ ఒడంబడిక, రక్షణ పొందే కృతుల జాబితాలో నృత్యరచనలను స్పష్టంగా పేర్కొంటుంది. నృత్యాన్ని కాగితం మీదో వీడియోలోనో నమోదు చేసి ఉండాలా అన్నది ఆయా దేశాల చట్టాలను బట్టి ఉంటుంది. డబ్బు పెట్టాం కాబట్టి నృత్యం సంస్థదేననుకోవడం పొరపాటు. ఎన్నేళ్ళు, ఎక్కడెక్కడ ప్రదర్శించే హక్కు సంస్థకు ఉందో రాసుకోండి, కూర్పు మాత్రం కొరియోగ్రాఫర్ పేరునే ఉంచండి. ఒక సాధన వీడియోను పూర్తిగా తీసి తేదీతో భద్రపరచడం ఇద్దరికీ మంచిది.

హెచ్చరిక: సంగీతానికి అనుమతులు విడివిడిగా ఉంటాయి. స్వరకల్పన మీద ఒక హక్కు, ఆ రికార్డింగు మీద మరో హక్కు ఉంటాయి. హాల్లో వినిపించడానికి తీసుకున్న అనుమతి, అదే ప్రదర్శన వీడియోను ఇంటర్నెట్‌లో పెట్టడానికి చెల్లదు. సాధన మొదలుకాకముందే అడగండి. అనుమతి రాదని ఏడో వారంలో తెలిస్తే నృత్యం మొత్తం తిరగరాయాలి. దీనికి ప్రత్యామ్నాయం, ఒక సంగీత కళాకారునికి చిన్న మొత్తమైనా ఇచ్చి కొత్తగా చేయించుకోవడం, లేదా ప్రత్యక్షంగా వాయించేవారిని పెట్టుకోవడం.

5. నేలను పరీక్షించి, ఆ తరువాతే సాధన మొదలుపెట్టండి

నర్తకుల వృత్తి ఎన్నేళ్ళు సాగుతుందన్నది వారు దూకి దిగే నేల మీద కూడా ఆధారపడి ఉంటుంది. మంచి నృత్యపు నేల అంటే కింద చెక్క పట్టీలు గాని, మెత్తని దిమ్మెలు గాని ఉండి, వాటి మీద పరచిన చెక్క అడుగు పడినప్పుడు కొద్దిగా లొంగి తిరిగి లేచేది. దాని మీద వేసే వినైల్ అనే ప్లాస్టిక్ చాప, కాలు జారకుండా కాపాడడానికి మాత్రమే పనికివస్తుంది. సిమెంటు మీద నేరుగా వినైల్ పరచి “నేల సిద్ధం” అనుకోవడం నేను ఎక్కువగా చూసే పొరపాటు. పైకి వృత్తి వేదికలా కనిపిస్తుంది, కాని దెబ్బ మొత్తం మోకాళ్ళకూ పిక్క ముందు ఎముకకూ నేరుగా తగులుతుంది.

పరీక్ష తేలికే. బూట్లు విప్పి, హాలు మధ్యలో నిలబడి, మడమతో గట్టిగా ఒకసారి తట్టండి. సిమెంటు అయితే చప్పుడు పొడిగా వచ్చి నొప్పి వెంటనే మడమకు తెలుస్తుంది. లొంగే నేల అయితే గుల్లగా మోగుతుంది, పక్కన నిలబడ్డవారి పాదాలకు కూడా ఆ కదలిక అందుతుంది. తరువాత పలుచని మేజోళ్ళతో నేలంతా పాదం ఈడ్చుకుంటూ నడవండి. లేచిన మేకులు, చీలికలు, అతుకుల అంచులు మేజోడుకు తగిలి దొరికిపోతాయి, చర్మానికి తగలవు.

మంచి నేల దొరకకపోతే ఆ నేలకు తగిన నృత్యం చేయండి. గెంతులు తగ్గించండి, మెత్తని అడుగు ఉన్న పాదరక్షలు వాడనివ్వండి, గెంతులున్న భాగాన్ని వారంలో ఒక రోజుకే పరిమితం చేయండి.

ప్రతి సాధనకూ మొదటి 15 నుంచి 20 నిమిషాలు ఒళ్ళు వేడెక్కించే కదలికలకు ఇవ్వాలి, ఆ సమయం కూడా పారితోషికపు గంటల్లోదే. ఒళ్ళు చల్లగా ఉండగా ఒకే భంగిమలో కండరాన్ని చాలాసేపు సాగదీసి వెంటనే గెంతించవద్దు, అలాంటి సాగదీతలు చివరికి ఉంచుకోండి. గంటన్నరకు ఒకసారి పది నిమిషాల విరామం తప్పనిసరి. నొప్పి అన్న మాట వినగానే ఆపి, గాయాల పుస్తకంలో తేదీ, శరీరభాగం, ఏ కదలికలో జరిగిందో రాయండి. ఒకే కదలిక దగ్గర రెండు పేర్లు కనిపిస్తే మార్చవలసింది ఆ కదలికనే. నర్తకుల ఆరోగ్యం గురించి ప్రత్యేకంగా పనిచేసే అంతర్జాతీయ నృత్య వైద్య విజ్ఞాన సంఘం 1990 నుంచి ఉంది, వారి మార్గదర్శక పత్రాలు సామాన్య నిర్వాహకులకు కూడా అర్థమయ్యేలా ఉంటాయి.

పిల్లలు పాల్గొంటున్నట్లయితే ఏ సమయంలోనూ ఒక్క పెద్దవారే వారితో ఉండకుండా, కనీసం ఇద్దరు ఉండేలా చూడండి. కదలికను సరిచేయడానికి ముట్టుకునే ముందు అనుమతి అడగడం పెద్దల విషయంలోనూ అలవాటు చేయండి.

6. సగంలో ఉన్న పనిని జనానికి చూపించండి

సాధన నాలుగో వారంలో ఒక సాయంత్రం తలుపులు తెరవండి. పదిహేను మంది నుంచి పాతిక మంది వరకు చాలు, అంతకన్నా ఎక్కువైతే మాట్లాడడానికి వెనకాడతారు. పది నిమిషాల భాగం చూపించి, అరగంట మాట్లాడుకోవాలి. న్యూయార్క్‌లోని జడ్సన్ చర్చిలో మూవ్‌మెంట్ రీసెర్చ్ అనే సంస్థ 1991 నుంచి సోమవారం సాయంత్రాల్లో ఇలా తయారీలో ఉన్న నృత్యాలను ఉచితంగా చూపిస్తూ వస్తోంది. హంగులు లేకుండా చూపించడమే అక్కడి పద్ధతి.

అయితే చర్చను దాని దారికి వదిలేయకూడదు. నేను మొదటిసారి ఇలాంటి సాయంత్రం పెట్టినప్పుడు ఏ నియమమూ పెట్టలేదు. నృత్యం ఆగగానే ముందు వరుసలోని ఒక పెద్దాయన “ఆ రెండో అమ్మాయి చేతులు ఇంకా పైకి ఎత్తాలి” అన్నారు. తరువాత మాట్లాడినవారందరూ చేతుల గురించే మాట్లాడారు. కొరియోగ్రాఫర్ పెన్ను పట్టుకుని కూర్చుంది, కాని పుస్తకంలో ఒక్క అక్షరం రాయలేదు. మరుసటి వారం సాధనకు వెళ్ళి చూస్తే చేతులు నిజంగానే పైకి లేచాయి. ఆ అమ్మాయి భుజం వంచి వింటున్నట్టు నిలబడే క్షణం, ఆ నృత్యంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, పోయింది. తప్పు ఆ పెద్దాయనది కాదు, చర్చను నడపని నాది.

అప్పటి నుంచి అమెరికన్ కొరియోగ్రాఫర్ లిజ్ లర్మన్ 1990లో రూపొందించిన విమర్శ పద్ధతిని పాటిస్తున్నాను. అందులో నాలుగు దశలు ఉన్నాయి:

• మొదట చూసినవారు తమకు ఏది గుర్తుండిపోయిందో, ఏది అర్థవంతంగా తోచిందో మాత్రమే చెబుతారు.
• రెండోది, కళాకారులు తమ పని గురించి తాము తెలుసుకోదలచిన ప్రశ్నలు వేస్తారు. “మధ్యలో వచ్చే నిశ్శబ్దం మీకు ఎంతసేపు అనిపించింది?” లాంటివి.
• మూడోది, చూసినవారు ప్రశ్నలు వేస్తారు, కాని ఆ ప్రశ్నలో అభిప్రాయం దాగి ఉండకూడదు. “చేతులెందుకు పైకి లేవలేదు?” అన్నది అభిప్రాయమే. “చేతుల ఎత్తును ఎలా నిర్ణయించారు?” అన్నది ప్రశ్న.
• నాలుగోది, “చేతుల గురించి నాకొక అభిప్రాయం ఉంది, వింటారా?” అని అడిగి, కళాకారులు సరేనంటేనే చెబుతారు. వద్దనే హక్కు వారికి ఉంటుంది.

చర్చ నడిపేవారు కొరియోగ్రాఫర్ కాకుండా వేరొకరై ఉండాలి. మొదటి దశలో ఎవరూ నోరు విప్పకపోతే కంగారుపడకండి, ఇరవై సెకన్లు ఆగండి, ఎవరో ఒకరు మాట్లాడతారు. ఆ సాయంత్రం వచ్చినవారి పేర్లు, వారు ఒప్పుకుంటే ఫోన్ నంబర్లు రాసుకోండి. ప్రదర్శన రోజున ఆ పాతిక మందిలో ఎక్కువమంది ఒక్కొక్కరు మరొకరిని వెంటబెట్టుకుని వస్తారు, తాము మాట్లాడిన ఆ నిశ్శబ్దం ఏమైందో చూడాలని.

7. చూసేవారిని కదిలించండి

కుర్చీలో కూర్చుని చూసేవారికి నృత్యం దూరంగా ఉంటుంది. ఒక్క గంటైనా స్వయంగా చేసినవారు వేరే కళ్ళతో చూస్తారు. సాధన ఐదో, ఆరో వారాల్లో రెండు వర్క్‌షాప్‌లు పెట్టండి, ప్రదర్శనలోని ఒక్క చిన్న కదలికనే నేర్పండి. జనం మీ దగ్గరికి రావాలని ఎదురుచూడకుండా గ్రంథాలయానికి, వృద్ధాశ్రమానికి, పాఠశాలకు మీరే వెళ్ళండి.

వయసు గురించి సంకోచం ఉంటే, జర్మన్ కొరియోగ్రాఫర్ పీనా బౌష్ 1978లో చేసిన ‘కోంటాక్ట్‌హోఫ్’ను తలచుకోండి. అదే నృత్యాన్ని ఆమె 2000లో, 65 ఏళ్ళు దాటిన మామూలు మనుషులతోనూ, 2008లో యువతీయువకులతోనూ చేయించింది. మార్క్ మోరిస్ నృత్య బృందం 2001లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో, శరీర కదలికలను దెబ్బతీసే పార్కిన్సన్స్ వ్యాధి ఉన్నవారి కోసం తరగతులు మొదలుపెట్టింది, ఆ పద్ధతి తరువాత ఎన్నో దేశాలకు చేరింది. అక్కడ వచ్చినవారిని రోగులుగా చూడరు, నర్తకులుగానే చూస్తారు. మీరు గ్రహించవలసింది ఆ వైఖరిని. శిక్షణ లేకుండా అలాంటి తరగతిని మాత్రం మొదలుపెట్టకండి, తూలి పడే ప్రమాదం ఉన్నవారికి పక్కన సహాయకులు, చేతులున్న కుర్చీలు ఉండాలి.

హెచ్చరిక: వర్క్‌షాప్‌కు వచ్చినవారిని వేదిక ఎక్కిస్తే వారి కుటుంబాలు వచ్చి హాలు నిండుతుందన్న లెక్కతో వారిని తీసుకోకండి. వారు కోరుకుంటే, సాధన చేసే సమయం ఉంటే, అప్పుడు చేయించండి.

8. పిలిచే తీరు

ప్రదర్శనకు ఆరు వారాల ముందు తేదీ చెప్పండి, మూడు వారాల ముందు పూర్తి వివరాలు ఇవ్వండి, మూడు రోజుల ముందు గుర్తు చేయండి. వివరాల్లో ఎంతసేపు, విరామం ఉందా, మెట్లు ఎన్ని, మరుగుదొడ్డి ఎక్కడ, మిరుమిట్లు గొలిపే లైట్లు గాని పెద్ద చప్పుళ్ళు గాని ఉన్నాయా అన్నవి రాయాలి. మెరుపు లైట్లు మూర్ఛ వ్యాధి ఉన్నవారికి ప్రమాదం కాబట్టి ఆ ఒక్క వాక్యం ఎట్టిపరిస్థితుల్లోనూ వదిలేయవద్దు.

నృత్యాన్ని వర్ణించేటప్పుడు అలవాటైన పెద్ద మాటలు వద్దు. “దేహభాషా పరిధులను అన్వేషించే సమకాలీన ప్రయోగం” అని రాస్తే ఇప్పటికే నాట్యం చూసేవారు తప్ప ఎవరూ రారు, వారు కూడా సగం మనసుతో వస్తారు. “నలుగురు మనుషులు ఒక బల్ల చుట్టూ ఇరవై నిమిషాలు గడుపుతారు. ఎవరూ ఆ బల్లను ముట్టుకోరు” అని రాయండి. ఏం కనిపిస్తుందో చెప్పండి, ఏం అనిపించాలో వారికి వదిలేయండి.

ఉచితమైతే జనం వస్తారన్నది పూర్తిగా నిజం కాదు. ఉచితంగా పేరు నమోదు చేసుకున్నవారికి ఆ రోజు మానేయడం కూడా సులువే. మూడు ధరలు పెట్టి, తమకు కుదిరినది ఎంచుకోమనండి, రుజువులు అడగకండి. చక్రాల కుర్చీలకు చోటును చివరి వరుసలో మూలన కాకుండా, తోడు వచ్చినవారు పక్కనే కూర్చునేలా మధ్యలో ఉంచండి.

9. ప్రదర్శన రోజు

నృత్యం చూసేవారికి పాదాలు కనిపించాలి. సమతలంగా ఉన్న హాల్లో మూడో వరుస నుంచి పాదాలు కనిపించవు. మొదటి వరుసను నేల మీద చాపల మీద కూర్చోబెట్టండి, రెండో వరుసకు కుర్చీలు, మూడో వరుస నుంచి ఎత్తు బల్లలు వేయండి. తలుపులు తెరిచే ముందు మీరే చివరి వరుస రెండు మూలల్లో కూర్చుని చూడండి. లైట్లు నాలుగే ఉంటే వాటన్నిటినీ ఎదురుగా పెట్టకండి, రెండు పక్కల నుంచి పడేలా ఉంచితే శరీరం ఆకారం, కదలిక తేటగా కనిపిస్తాయి.

స్వాగత వాక్యాలు రెండు నిమిషాలకు మించకూడదు. ఒళ్ళు వేడెక్కించుకుని పక్కన నిలబడి ఉన్న నర్తకులు, ప్రసంగం ఇరవై నిమిషాలు సాగితే చల్లబడిన కండరాలతో వేదిక ఎక్కుతారు. గాయాలు జరిగేది అలాంటప్పుడే. సత్కారాలు ఉంటే చివరికి పెట్టుకోండి. ప్రదర్శన తరువాతి సంభాషణకు పావుగంట చాలు, ముందుగా ప్రేక్షకులను పక్కవారితో ఒక్క నిమిషం మాట్లాడుకోమనండి, ఆ తరువాత ప్రశ్నలు వాటంతట అవే వస్తాయి.

ఫలితం ఎలా తెలుసుకోవాలి

చప్పట్ల మోతను గాని, నిండిన కుర్చీలను గాని కొలతగా తీసుకోవద్దు. ద్వారం దగ్గర రెండు పెట్టెలు పెట్టండి. ఒకదాని మీద “మొదటిసారి వచ్చాను”, మరొకదాని మీద “ఇదివరకు వచ్చాను” అని రాసి, లోపలికి వచ్చేవారు టికెట్ ముక్కను తగిన పెట్టెలో వేయాలి. వేదిక మీద ఉన్నవారు ఎవరైనా తెలిసినవారైతే ఆ ముక్క మూల మడిచి వేయమనండి. రెండో పెట్టెలో మడవని ముక్కలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఎవరికోసమూ కాక, నృత్యం కోసమే తిరిగి వచ్చినవారు వారే. మొదటి ప్రదర్శనలో ఐదుగురే ఉండవచ్చు. కనీసం మూడు ప్రదర్శనల లెక్కలు పక్కపక్కన పెట్టి చూడకుండా పద్ధతిని మార్చకండి.

ప్రశ్నాపత్రాలు ఇస్తే మూడు ప్రశ్నలు దాటకూడదు. పది ప్రశ్నల కాగితాన్ని మిమ్మల్ని బాగా ఇష్టపడేవారే నింపుతారు, ఆ జవాబులు మిమ్మల్ని మోసగిస్తాయి.

కళాకారుల వైపు చూడవలసినవి మూడు. మొదటిది, డబ్బు చెల్లించిన గంటలు, నిజంగా పనిచేసిన గంటలు పక్కపక్కన రాయండి. పై ఉదాహరణలో 60కి 60 రావాలి. సాధన పుస్తకం 75 చూపిస్తే ఈసారి మిగిలిన 15 గంటలకూ చెల్లించి, వచ్చేసారి లెక్కనే పెంచండి. రెండోది, గాయాల పుస్తకంలో పేర్లు తగ్గుతున్నాయా? మూడోది, మళ్ళీ పిలిస్తే ఎంతమంది వస్తామన్నారు?

చివరి విడత చెల్లించిన తరువాతే ఈ మూడో ప్రశ్న అడగండి, డబ్బు ఇంకా మీ చేతిలో ఉన్నప్పుడు ఎవరూ నిజం చెప్పరు. రానన్నవారికి ఫోన్ చేయండి. మీ తరఫు వాదన వినిపించకుండా, వారు చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. ఆ కాగితాన్ని తదుపరి ప్రదర్శనకు మీరు రాయబోయే మొదటి పుటకు జతచేసి ఉంచండి.